కొవ్వు రాసిన పట్టీ

కొందరు మొగుళ్ళు తాగొస్తారు. కొందరు పేకాడతారు. ఇన్‌స్పెక్టర్ ఎర్నా హెంగారి మొగుడు ఉసీల్ మాత్రం తుపాకీ పట్టీ ఎంచుకుంటాడు. అది ఒక పూటలో తెమిలే పని కాదు. ఏడాదికి ఒక్కసారి, జూన్‌లో, బావమరుదులతో వెళ్ళి ఒక్క ఓరిక్స్ జింకని కొట్టి ఎండుమాంసం చేసుకునే బడిపంతులు ఆయన. ఆ ఒక్క రోజు కోసం ఆరు శనివారాలు నాలుగు పట్టీలు మంచం మీద పరిచి, ఒక్కోటీ భుజానికేసుకుని, అద్దం ముందు అటూ ఇటూ నడుస్తాడు. "ఎలా ఉంది?" అని పక్కకి తిరిగి అడుగుతాడు. నన్ను చూడ్డానికొచ్చినప్పుడు కూడా మీరింతసేపు చూడలేదు కదండీ అని ఎర్నా ఒకసారి అడిగింది. నువ్వు జారిపోయే రకం కాదు కదా అన్నాడు ఆయన.

అలా ఆమె అడగకుండానే ఆమెకి కొంత జ్ఞానం అబ్బింది. నైలాన్ పట్టీ చొక్కా మీద నిలవదు, పైగా చప్పుడు చేస్తుంది. సాగే రబ్బరుదైతే అడుగడుక్కీ తుపాకీని ఎగరేస్తుంది. ఇత్తడి బకిలు ఎండకి మెరిసి జంతువుకి ముందే కబురు పెడుతుంది. తోలుదే మంచిది. భుజం దగ్గర నాలుగు వేళ్ళ వెడల్పు ఉండాలి, చివర్లకి సన్నబడాలి. గొర్రె తోక కొవ్వు పట్టించాలి, లేకపోతే కిర్రుమంటుంది. ఎడమ భుజానికి గొట్టం కిందికి ఉండేలా వేసుకుంటే అరచెయ్యి తనంతట తనే తుపాకీ కర్ర మీదికి రావాలి, పొడవు అంతే ఉండాలి.

అందుకే గురువారం ఉదయం తొమ్మిదీ యాభైకి, క్వార్ట్స్‌పోర్ట్ ఫారం వరండాలో సీలు వేసిన సంచీ విప్పి తుపాకీ బల్ల మీద పెట్టగానే, ఆమె తుపాకీని చూడలేదు. పట్టీని చూసింది.

"చూశావుగా చెల్లెమ్మా. ఇక సంతకం పెట్టేస్తే పన్నెండింటికి నేను బయల్దేరతాను," అన్నాడు చీఫ్ ఇన్‌స్పెక్టర్ పీనెహాస్ హముకోటో. రాజధాని విండ్‌హుక్ నుంచి వచ్చిన మనిషి. లేత గోధుమరంగు కోటు, దాని జేబులో మడత చెడని రుమాలు. పోలీసు ట్రైనింగులో ఇద్దరూ ఒకే బ్యాచ్. పరీక్షల్లో ఎర్నా ముందుండేది. ప్రమోషన్లలో అతను ముందున్నాడు. అయినా కేసు ఆమె స్టేషన్‌ది. ఖైదీని పంపే కాగితం మీద ఆమె సంతకం లేకపోతే అతని బండి కదలదు.

"పన్నెండుకి ఇంకా రెండు గంటలుందన్నయ్యా. కూర్చో, కాఫీ వస్తోంది."

కేసు వినడానికి తేలికే. నిన్న, అంటే బుధవారం ఉదయం, ఈ ఫారం యజమాని ఎగాన్ వోల్‌మర్ ఉత్తరం గుట్టల్లోకి కుడూ జింక కోసం వెళ్ళాడు. వెంట బావమరిది రుడి డ్రేయర్, జాడలు చూసే ముసలాయన జోసఫాట్ గావోసెబ్. ఏడూ నలభైకి రుడి తుపాకీ పేలింది. గుండు ఎగాన్ వీపులో దిగింది. అక్కడికక్కడే పోయాడని రుడి వాంగ్మూలం. పేలినప్పుడు తుపాకీ తన దగ్గర లేదనీ, మోకాలి నొప్పితో జోసఫాట్‌కి ఇచ్చాననీ కూడా అతనే చెప్పాడు. రాతినేల మీద జాడ తప్పిందట. దాంతో ఎగాన్ ముందుకెళ్ళాడు, ముసలాయన వెనకపడ్డాడు. భుజానికున్న పట్టీ జారింది. తుపాకీ రాయి మీద పడింది. తుపాకీ కర్ర మీద కొత్త నొక్కు ఉంది, నొక్కులో తెల్లరాతి పొడి ఉంది. ఎనిమిదీ ఐదుకి కారులోని రేడియో నుంచి సహాయం కోసం అరిచిన గొంతు జోసఫాట్‌ది.

ఇందులో దేన్నీ జోసఫాట్ కాదనలేదు. ఎర్నాకి నచ్చనిది అదే.

ముసలాయన వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతులకి సంకెళ్ళు. నిన్నటి ఖాకీ చొక్కా ఒంటిమీదే ఉంది. పైన కుర్చీలో రుడి డ్రేయర్, ఒక కాలు స్టూలు మీద చాపి, జరగాల్సింది జరిగిపోతే బాగుండునన్నట్టు గడియారం చూసుకుంటున్నాడు.

"పెద్దయ్యా, తుపాకీ మీకు ఎవరిచ్చారు?" అని అడిగింది ఎర్నా.

"రుడి మేనీర్ ఇచ్చాడు తల్లీ." మేనీర్ అంటే దొర.

"ఎక్కడ?"

"దారిలో."

"దారిలో ఎక్కడ?"

"దారి... దారిలోనే తల్లీ."

రాయి పక్కన పడిన గీత చూసి ఇక్కడ మొన్న పొద్దున కుంటి నక్క పోయిందని చెప్పే మనిషి. ముప్పై ఏళ్ళకి పైగా వేటగాళ్ళు ఆయన మాట మీదే నడిచారు. అలాంటివాడికి తన చేతికి తుపాకీ ఎక్కడ వచ్చిందో తెలియదట.

ఆమె తన బండిలోంచి స్టేషన్ తుపాకీ తెచ్చింది. ఖాళీదే. బోల్టు తీసి చూపించి, సంకెళ్ళు విప్పించి, ఆయన చేతికిచ్చింది. "వేసుకోండి."

ముసలాయన ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే మరోలా వేసుకునేవాడేమో. పట్టీ ఎడమ భుజం మీదికి వెళ్ళింది, గొట్టం నేలవైపు తిరిగింది, ఎడమ అరచెయ్యి కర్ర మీద ఆనింది. నలభై ఏళ్ళుగా అలాగే ఆనుతున్న చెయ్యి.

"ఇలా ఉన్న తుపాకీ జారితే ముందు గొట్టం నేలకి తగులుతుంది. పేలితే ఆయన మడమ పోవాలి. ముందు నడిచేవాడి వీపు ఎలా పోతుంది?"

"పడ్డాక తిరగదా?" అన్నాడు హముకోటో. "రాయికి కొట్టుకుని గింగిరాలు తిరగదా? డాక్టరు ఏమన్నాడు? గుండు కింది నుంచి పైకి పోయిందన్నాడు. పడ్డ తుపాకీ కాకపోతే ఏ తుపాకీ కిందనుంచి పేలుతుంది?"

"ఎక్కేవాడి వెనక, కింద నిలబడ్డవాడి చేతిలోది పేలుతుంది."

"ఊహ."

"నీదీ అంతే కదా."

"నా ఊహకి ఒప్పుకున్న ముద్దాయి ఉన్నాడు చెల్లెమ్మా. నీ ఊహకి ఎవడున్నాడు?"

ఎర్నా స్టేషన్ తుపాకీ వెనక్కి తీసుకుని ముసలాయనకి మళ్ళీ సంకెళ్ళు వేయించింది. అతను అన్నదాంట్లో తప్పు లేదు.

కాఫీ వచ్చింది. తెచ్చింది ఎగాన్ భార్య హిల్డె వోల్‌మర్. రుడికి సొంత అక్క. నల్ల గౌను, మోచేతుల దాకా మడిచిన చేతులు. మొగుడు పోయిన మర్నాడు కూడా పెందలాడే లేచి బట్టలుతికి, ఇంటిపని చేసుకుంటున్న మనిషి. కూర్చుంటే ఏడుపొస్తుందని భయం కాబోలు. మెట్ల మీది ముసలాయనకి ఒక కప్పు పెట్టలేదు. ఆయన వైపు చూడకుండానే అంది:

"వీణ్ణి ఇక్కణ్ణుంచి తీసుకుపోండి. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఇంటి మనిషిలా చూశాం. నా మొగుణ్ణి చంపి నా మెట్ల మీద కూర్చున్నాడు."

జోసఫాట్ తన పాదాల వైపు చూసుకున్నాడు.

"రస్కులు మీరే చేశారా అమ్మా?" అంది ఎర్నా, ఒకటి కాఫీలో ముంచుతూ.

"నేనే. సోంపు వేసి. ఎగాన్‌కీ రుడికీ వేటకెళ్ళేటప్పుడు పొట్లం కట్టిస్తాను."

"జోసఫాట్‌కి?"

"వాడికి సోంపు పడదు. వాసనకే లేచి పోతాడు. వాడికి జాము రాసిన రొట్టె ఇస్తాను. ఇచ్చేదాన్ని."

"ఈ పట్టీకి కొవ్వు ఎవరు రాశారు?"

"ఎగానే. మంగళవారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్న పట్టీలన్నిటికీ పట్టించాడు. గొర్రె తోక కొవ్వులో కాస్త తేనెమైనం. ఆయన చెయ్యి పెద్దది, మందంగా రాసేవాడు. పట్టీ కిర్రుమంటే కుడూ నన్ను చూసి నవ్వుతుంది అనేవాడు." ఆమె కప్పులు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఎర్నా భూతద్దం తీసింది. పట్టీ లోపలివైపు, కొవ్వు జిగురులో, పసుప్పచ్చని పొడి రేణువులు ఐదారు అంటుకుని ఉన్నాయి. ఒకచోట ఆకుపచ్చగా, సన్నగా, గీతలు గీతలుగా ఒక గింజ. చిన్న పట్టకారుతో తీసి వాసన చూసింది. సోంపు. తోలు మీద రెండుచోట్ల అడ్డంగా మడత పడిన గుర్తులు కూడా ఉన్నాయి. తుపాకీకి బిగించి ఉన్న పట్టీకి అడ్డం మడత ఎలా వస్తుంది?

గింజనీ పొడినీ కవరులో వేసి, అంటించి, హముకోటో ముందుకు తోసింది. "సాక్షి సంతకం."

"రస్కు ముక్కలకా! చీమలకి సమన్లు పంపుతావా ఏంటి?"

"పెట్టన్నయ్యా. పన్నెండింటికి వెళ్ళాలన్నావుగా."

గొణుక్కుంటూ పెట్టాడు. ఆమె లేచింది. "ఇప్పుడు గుట్ట దగ్గరికి పోదాం. జోసఫాట్‌నీ ఆ తుపాకీనీ తీసుకెళ్దాం. రుడి మేనీర్, మీరొస్తారా?"

"నా మోకాలు," అన్నాడు రుడి, స్టూలు వైపు చూపిస్తూ.

బండిలో వెళ్తూ ఎర్నా ఆస్పత్రివాళ్ళు పంపిన కాగితం ఇంకోసారి చదువుకుంది. చనిపోయినవాడి ఒంటిమీదా జేబుల్లోనూ దొరికిన వస్తువుల జాబితా. చేతి గడియారం, కత్తి, నడుము బెల్టు, తోలు బెల్టు, కళ్ళజోడు. నాలుగో వస్తువు దగ్గర ఆమె వేలు ఆగింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

పదీ నలభైకి వాళ్ళు ఒక తెల్లబెరడు చెట్టు కింద దిగారు. కుడూ జాడ మొదటిసారి కనిపించింది ఇక్కడేనని జోసఫాట్ చెప్పాడు. ఎగాన్ పడిన తెల్లరాయి ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది. మధ్యలో మూడువందల అడుగుల మేర ముళ్ళపొద. ఆ ముల్లు కొక్కెంలా వెనక్కి వంగి ఉంటుంది. లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు.

"అన్నయ్యా, జోసఫాట్ ఈ తుపాకీ భుజానికేసుకుని ఇందులోంచే వెళ్ళాడు. నీ మాట ప్రకారం."

"రుడి మాట ప్రకారం. నేను నమ్మాను."

"నమ్మితే వేసుకుని చూపించు."

బోల్టు తీసేసిన తుపాకీని హముకోటో కోటు మీదుగా భుజానికి తగిలించుకున్నాడు. గొట్టం పైకి, పెరేడ్‌లో వేసుకున్నట్టు. నాలుగడుగులు దర్జాగా వేశాడు. ఐదో అడుగులో ముల్లు పట్టీని వెనక్కి లాగింది. అతను ముందుకి లాగాడు. పట్టీ భుజం మీద రాపాడింది, తుపాకీ వెళ్ళి మోచేతికి కొట్టుకుంది.

"ఒకటి," అంది ఎర్నా.

"నవ్వకు."

"లెక్క పెడుతున్నానంతే."

ముప్పై అడుగుల్లో నాలుగుసార్లు చిక్కుకున్నాడు. ఐదోసారి పట్టీని విడిపించుకుంటూంటే కోటు చెయ్యి చిక్కింది, కోటు చెయ్యి విడిపించుకుంటూంటే ప్యాంటు చిక్కింది. విండ్‌హుక్ చీఫ్ ఇన్‌స్పెక్టర్ ఒక పొదకి మూడుచోట్ల కట్టుబడి నిలబడి, తన ఇంటిభాష ఓవాంబోలో తెలిసిన తిట్లన్నీ వాడేశాడు. వెనక నుంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. జోసఫాట్ సంకెళ్ళ చేతులతో నోరు మూసుకుని నవ్వుతున్నాడు.

"ఇందులోకి పట్టీతో వచ్చేవాడు ఎవడయ్యా?" అన్నాడు ముసలాయన, ఆపుకోలేక. "జాడ దొరికిన చోటే పట్టీ ఊడదీసి జేబులో పెట్టుకుంటాం. ఇక తుపాకీ చేతిలోనే. చిన్నపిల్లాడిక్కూడా..."

ఆగిపోయాడు. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం మారాయి.

"ఎవరెవరు తీశారు నిన్న?" అంది ఎర్నా మెల్లగా.

ముసలాయన చొక్కాకి గుచ్చుకున్న ముల్లు తీసి పారేశాడు.

"నేను చెప్పనా?" ఆమె కాగితం తీసి హముకోటోకి ఇచ్చింది. అతను ఇంకా పొదలోనే ఉన్నాడు. "చదువు. నడుము బెల్టు ఒకటి. దాని కింద తోలు బెల్టు ఇంకొకటి. మనిషికి నడుము ఒకటే ఉంటే జేబులో రెండో బెల్టు ఎందుకన్నయ్యా? ఆస్పత్రిలో నర్సుకి తెలియక బెల్టని రాసింది. అది ఎగాన్ తుపాకీ పట్టీ. ఎగాన్ తుపాకీకి సీలు వేసింది నువ్వేగా. దానికి పట్టీ ఉందా?"

హముకోటో గుర్తు చేసుకున్నాడు. "లేదు," అన్నాడు. "అంటే యజమాని తీశాడు. మిగతావాళ్ళు తీశారని ఏంటి? ముసలాడు మొండిగా పట్టీతోనే వచ్చుండొచ్చు."

"సరే. కోటు విప్పి కుడి భుజం చూసుకో."

పొదలోంచి బయటపడి, విప్పి చూసుకున్నాడు. లేత గోధుమరంగు గుడ్డ మీద, భుజానికి అడ్డంగా, నాలుగు వేళ్ళ వెడల్పున నల్లని జిడ్డు చార.

"ఇది మా ఆవిడ పుట్టినరోజుకి కుట్టించింది!"

"నీ పుట్టినరోజుకా, ఆవిడ పుట్టినరోజుకా?"

"దీనికి సమాధానం నీకెందుకు?"

"ఎగాన్ కొవ్వు మందంగా రాసేవాడని అతని భార్య చెప్పింది. ఇప్పుడు రా." ఆమె జోసఫాట్ చొక్కా రెండు భుజాలూ ఎండవైపు తిప్పి చూపించింది. దుమ్ము, చెమట ఆరిన తెల్లని ఉప్పు. జిడ్డు లేదు, చార లేదు. "నిన్న పొద్దున వేసుకున్న చొక్కా. నువ్వు అరెస్టు చేశాక మార్చుకోవడానికి ఆయనకి వేరే చొక్కా ఎవరూ ఇవ్వలేదు."

"నేను ఇప్పటికి చాలాసేపు వేసుకున్నాను. వాడు రెండు నిమిషాలే వేసుకున్నాడేమో."

"నీకు మొదటి ముల్లు దగ్గరే పడింది. నేను వెనకే ఉన్నాను."

హముకోటో కోటు మడిచి చేతికేసుకున్నాడు. ఒప్పుకోలేదు. కాకపోతే ముసలాయనని 'వాడు' అనడం మానేశాడు. "ఆయన ఎందుకు ఒప్పుకున్నట్టు మరి? కాని పనికి ఎవడైనా జైలుకెళ్తాడా?"

అది అడగాల్సిన ప్రశ్నే. ఎర్నా ముసలాయన పక్కన ఒక రాయి మీద కూర్చుంది.

"పెద్దయ్యా, ఇక్కడ రుడి లేడు. మీకేం చెప్పారు?"

జోసఫాట్ ఫారం వైపు చూశాడు. పనివాళ్ళ ఇళ్ళ రేకులు అంత దూరం నుంచి కూడా మెరుస్తున్నాయి.

"ఇక ఈ ఫారం నేనే చూస్తానన్నాడు. హిల్డె మిస్సీస్‌కి చేతకాదన్నాడు. జారిందని చెప్పు, ఏడాదిలో వచ్చేస్తావు, నీవాళ్ళు ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఉంటారన్నాడు. కాదంటే సాయంత్రానికి మీ సామాను రోడ్డు మీదుంటుందన్నాడు." ఆ రేకుల వైపు చెయ్యి చూపించాడు. "మా ఆవిడకి ఊపిరాడదు తల్లీ. మంచం మీంచి లేచి రెండేళ్ళయింది. ఆమెని రోడ్డు మీద ఎక్కడ పడుకోబెట్టను?"

"కాల్చడం మీరు చూశారా?"

"చూళ్ళేదు. రాతినేల మీద జాడ తప్పితే నేను అటుపక్క వెతుకుతున్నాను. నా వీపు వాళ్ళవైపుంది. చప్పుడు విన్నాను. వచ్చేసరికి ఎగాన్ మేనీర్ పడున్నాడు. పరిగెత్తు, రేడియోలో చెప్పు అన్నాడు రుడి మేనీర్. పరిగెత్తాను. కారు మూడు కిలోమీటర్లు."

"మీకు అరవై దాటాయి."

"అరవై నాలుగు. నిన్న గుర్తు రాలేదు."

హముకోటో గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఐదు. "చెల్లెమ్మా, ముసలాయన చూళ్ళేదు. జిడ్డు లేదన్నది నీ సాక్ష్యం. చొక్కాకి జిడ్డు అంటకపోవచ్చని వాళ్ళ లాయరు అంటాడు. పట్టీ ఆయన భుజాన లేదని నువ్వు చూపించావు. ఎక్కడుందో చూపించలేదు."

"జేబులో ఉంది. రస్కు పొడి ఉన్న జేబులో. మడతపెట్టి."

"ఎవరి జేబు?"

"పద," అంది ఎర్నా. "ఈరోజు ఆ ఇంట్లో బట్టలుతికారు."

పదకొండూ ముప్పై ఐదుకి బండి ఫారం చేరింది. జోసఫాట్‌ని బండిలోనే ఉంచి, ఎర్నా వరండా వైపు వెళ్ళకుండా వంటింటి వెనక్కి నడిచింది. తీగ మీద దుప్పట్లు, చొక్కాలు, చివర ఒక ఖాకీ ప్యాంటు. తొడమీద పెద్ద జేబున్న వేట ప్యాంటు. జేబు గుడ్డ మీద మడతపెట్టిన పట్టీ ఆకారంలోనే ఒక ముదురు మరక ఉంది.

బుట్టతో వచ్చిన హిల్డె ఆమె చూపు ఎక్కడుందో చూసింది.

"అది పోదు," అంది. "రెండుసార్లు సబ్బేసి రుద్దాను. ఎక్కడిదిరా ఇంత జిడ్డు అంటే తుపాకీ నూనె అన్నాడు. తుపాకీ నూనె వేడినీళ్ళకి పోతుంది. ఇది కొవ్వు."

"ప్యాంటు ఎవరిదమ్మా?"

"రుడిది. నిన్న వేసుకున్నది." చెప్పేశాక ఆమె చేతిలో బుట్ట ఆగింది.

ఎర్నా జేబు లోపలి గుడ్డ బయటికి లాగింది. రస్కు పొడి నీళ్ళలో కరిగిపోయింది. కాని కుట్టు మడతలో ఇరుక్కుని మూడు సోంపు గింజలు మిగిలాయి. ఒకటి హిల్డె అరచేతిలో పెట్టింది. ఆమె దాన్ని వాసన చూడలేదు. తన వంటింటి గింజని ఆమె చూపుతోనే గుర్తుపట్టగలదు.

"ఏం జరుగుతోందిక్కడ?" రుడి డ్రేయర్ మోకాలి సంగతి మర్చిపోయి పెద్ద పెద్ద అంగలతో వచ్చాడు.

"నిన్న ఏడున్నరకి మీ తుపాకీ పట్టీ ఎక్కడుంది?" అంది ఎర్నా.

"తుపాకీకే."

"ముళ్ళపొదలోకి తుపాకీకే ఉంచి తీసుకెళ్ళారా? ఈయన ఇప్పుడే వెళ్ళొచ్చారు. అడగండి."

రుడి హముకోటో చిరిగిన ప్యాంటు చూశాడు. "సరే, తీశాను. అందరం తీస్తాం. జేబులో పెట్టుకున్నాను, అయితే ఏంటి? పైకెళ్ళాక మోకాలు నొప్పి చేసింది. మళ్ళీ తగిలించి ముసలాడికిచ్చాను."

"వాంగ్మూలంలో ఆ మాట లేదే."

"మర్చిపోయాను. బావ పోయిన బాధలో పట్టీ గురించి ఎవడికి గుర్తుంటుంది?"

"ఆయన భుజాన కొవ్వు మరక లేదు."

"రెండడుగులు వేశాడు, అంతలోనే జారింది. మరక ఎలా పడుతుంది?"

ఎర్నా జవాబు చెప్పబోయింది. కాని హముకోటో ముందుకొచ్చి కోటు విప్పదీసి, తీగ మీద ప్యాంటు పక్కనే ఆరేశాడు. నల్లచార ఎండలో నిగనిగలాడింది.

"ఐదడుగులు," అన్నాడు. "ఐదో అడుగుకి నాకింత పడింది, డ్రేయర్. అదీ ఒకరోజు ఎండిన కొవ్వు. నిన్నది పచ్చిది. నా అనుభవం మీద చెప్తున్నాను, రెండడుగులు చాలు."

ఎర్నా అతని వైపు చూడలేదు. చూస్తే అతనికి కష్టంగా ఉంటుంది.

"రుడీ," అంది హిల్డె. పెద్దక్కలు చిన్నప్పటి నుంచీ తమ్ముళ్ళని పిలిచే గొంతు అది. "నా మొహం చూసి చెప్పు. తుపాకీ ఎవరి చేతిలో ఉంది?"

రుడి దుప్పట్ల వైపు చూశాడు. వంటింటి గోడ వైపు చూశాడు.

"నా చేతిలో ఉంది."

హిల్డె తమ్ముడి ముందుకి వచ్చి నిలబడింది.

"కుడూ దగ్గర్లోనే ఉందనుకున్నాను. గుండు ఎక్కించి పెట్టుకున్నాను. బావ వెనక్కి తిరిగి ఎక్కించకు అన్నాడు కూడా. కాలి కింద రాయి దొర్లింది. వేలు... అక్కా, కావాలని కాదు. దేవుడి సాక్షిగా కావాలని కాదు."

"కావాలని కాదని నేనూ నమ్ముతున్నాను," అంది ఎర్నా. "పట్టీ ఎప్పుడు తగిలించారు?"

"జోసఫాట్ కారు దగ్గరికి పోయాక."

"తుపాకీని రాయికేసి కొట్టిందీ అప్పుడేనా?"

తల ఊపాడు.

"అప్పటికి ఎగాన్ పోయాడా?"

రుడి నోరు తెరిచాడు, మూశాడు. హిల్డె చేతిలో బుట్ట నేల మీద పడింది. ఏడూ నలభై నుంచి ఎనిమిదీ ఐదు దాకా, పాతిక నిమిషాలు, ఒక మనిషి గాయం మీద చెయ్యి పెట్టి నొక్కడానికి బదులు రుడి పట్టీ బిగిస్తూ కూర్చున్నాడు. ఆ సంగతి ఆ పెరట్లో నిలబడ్డ నలుగురికీ ఒక్కసారే అర్థమైంది.

"బావ పిలిచాడు," అన్నాడు రుడి చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "నిన్ను పిలిచాడు అక్కా. రెండుసార్లు."

హముకోటో అతని మోచెయ్యి పట్టుకున్నాడు. రెండో చేత్తో ఏ జేబులో పెట్టాడో తెలియక సంకెళ్ళ తాళంచెవి కోసం అన్ని జేబులూ వెతుక్కున్నాడు. దొరికాక ఎర్నా చేతికిచ్చాడు.

ఆమె బండి తలుపు తీసి జోసఫాట్ చేతులు విడిపించింది. ముసలాయన మణికట్టు రుద్దుకుంటూ దిగాడు. ఏం జరిగిందో ఆయనకి తెలియదు. పెరట్లో గొంతులు వినిపించాయి, అంతే. ఆయన చూపు మొదట పనివాళ్ళ ఇళ్ళ వైపు వెళ్ళింది. సామాను బయట లేదు.

హిల్డె వంటింటి పక్కనుంచి వచ్చింది. బండికి పదడుగుల దూరంలో ఆగింది. వరండాలో తోటపనివాళ్ళిద్దరు, వంటమనిషి నిలబడి చూస్తున్నారు. ఆమె వాళ్ళని లోపలికి పొమ్మనలేదు.

"జోసఫాట్."

"మిస్సీస్."

"నువ్వు మూడు కిలోమీటర్లు పరిగెత్తావట."

"పరిగెత్తాను మిస్సీస్. ఇంకా వేగంగా పోవాల్సింది."

ఆమె కింది పెదవి కొరుక్కుంది. గౌనుకి చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా.

"నిన్న ఎగాన్‌ని తెచ్చినప్పుడు చూస్తానని గుమ్మం దాకా వచ్చావు. హంతకుడా అని తలుపేశాను. రుడి చెప్పగానే నమ్మాను. నిన్ను ఒక్క మాట అడగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో నువ్వు నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు, అయినా అడగలేదు." ఒక అడుగు ముందుకి వేసింది. వరండాలో ఉన్నవాళ్ళకి కూడా వినబడేలా అంది:

"తప్పు నీది కాదు జోసఫాట్. నేను తప్పు చేశాను."